అలెప్పీలో బోటు ఎక్కడం ఎలా: నీళ్ళు ఎంచుకోవడం నుంచి ఒడ్డు దిగేదాకా

"అలెప్పీ వెళ్తున్నాం, మంచి హౌస్‌బోటు ఏదైనా చెప్పండి." కేరళ టికెట్లు తీసుకున్న వాళ్ళందరూ అడిగేది ఇదే. అడగాల్సిన ప్రశ్నే, కానీ ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఏ నీళ్ళు చూడాలి? ఏ నెలలో చూడాలి? ఈ రెండూ తేలితే ఏ బోటు కావాలో దానంతటదే తేలిపోతుంది.

మేం మొదటిసారి ఈ వరస తిరగేసి నడిచాం. ఫోటోలు చూసి పెద్ద బోటు మాట్లాడుకున్నాం. మధ్యాహ్నమంతా సరస్సు మధ్యలో, ముందు నాలుగు హౌస్‌బోట్లు, వెనక నాలుగు హౌస్‌బోట్లు, పెళ్ళి ఊరేగింపులా. సాయంత్రం మా అమ్మ అడిగింది, "ఇంతకీ ఊరేదిరా?" అని. ఊరు సన్న కాలవల్లో ఉంది. మా బోటు అందులోకి దూరదు.

## 1. ముందు నీళ్ళు తేల్చుకోండి

అలెప్పీ (స్టేషన్ బోర్డు మీద అలప్పుళ) చుట్టూ నీళ్ళు నాలుగు రకాలు.

కాయల్. అంటే వేంబనాడు సరస్సు. పొడవు 96 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలోకి వెళ్తే అవతలి ఒడ్డు సన్నటి ఆకుపచ్చ గీతలా కనిపిస్తుంది. గాలి, ఆకాశం, విశ్రాంతి కావాలంటే ఇది. మనుషుల్ని చూడాలంటే ఇది కాదు.

నది, పెద్ద కాలవ. పంపా నది పాయలు, వాటిని కలిపే వెడల్పాటి కాలవలు. కైనకరి, నెడుముడి వైపు ఇవే. రెండు ఒడ్ల మీదా కొబ్బరిచెట్లు, ఇళ్ళు, చర్చిలు, గుళ్ళు. హౌస్‌బోట్లు ఇక్కడిదాకా వస్తాయి.

తోడు. మలయాళంలో సన్న కాలవని తోడు అంటారు. ఇంటి మెట్లు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. గిన్నెలు తోమేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, చిన్న పడవలో సరుకులు తెచ్చుకునేవాళ్ళు కనబడేది ఇక్కడే. తెడ్డు పడవ, కయాక్ మాత్రమే హాయిగా తిరుగుతాయి.

ఊళ్ళో కాలవలు. ఊరి మధ్యలో వాడ కాలవ, కమర్షియల్ కాలవ అని రెండున్నాయి. వీటి పక్కన నడవడమే బాగుంటుంది. ఒక చిట్కా: లాడ్జి చిరునామాలో వీసీఎన్‌బీ రోడ్డు అని ఉంటే వాడ కాలవ ఉత్తరపు గట్టు, సీసీఎస్‌బీ అంటే కమర్షియల్ కాలవ దక్షిణపు గట్టు. ఇది తెలిస్తే ఆటో అతనితో సగం మాటలు తగ్గుతాయి.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే నది, కాయల్ కలిపి చూడండి. ఇద్దరే వెళ్తుంటే నా ఓటు సన్న కాలవలకే.

## 2. నెల చూసుకోండి

నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మాత్రం రేట్లు రెట్టింపు దాటినా ఆశ్చర్యపోకండి. మార్చి, ఏప్రిల్‌లో ఉక్కపోత. మన కోస్తాలో పెరిగినవాళ్ళకి అది కొత్తేమీ కాదు, కానీ తీసిన ఫోటోల్లో అందరి మొహాలూ జిడ్డుగా ఉంటాయి.

పొలాల కోసం వెళ్తే లెక్క వేరు. అలెప్పీ వెనకున్న కుట్టనాడులో సముద్రమట్టం కంటే కిందున్న నేలలో వరి పండిస్తారు. గట్లు కట్టి, నీళ్ళు బయటికి తోడి, అప్పుడు విత్తుతారు. జనవరి, ఫిబ్రవరిలో పైరు పచ్చగా ఉంటుంది. కోత మార్చి, ఏప్రిల్‌లో. కోతయ్యాక బాతుల మందలు దిగుతాయి. వానాకాలంలో చాలా పొలాలు నీళ్ళ కింద ఉంటాయి, ఏది సరస్సో ఏది పొలమో తెలియదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా రేట్లు తక్కువ. బోటు కప్పు మీద వాన చప్పుడు వింటూ కూర్చోవడం కొందరికి ఇష్టం, నాకూ ఇష్టమే. కాకపోతే వరద హెచ్చరిక ఇచ్చినప్పుడు బోట్లు ఆపేస్తారు. కాబట్టి ఈ నెలల్లో డబ్బంతా ముందే కట్టేయకండి.

నెహ్రూ ట్రోఫీ పడవ పందాలు పున్నమడ కాయల్లో (వేంబనాడులో ఓ భాగం) జరుగుతాయి. ఆగస్టు రెండో శనివారం అని పాతలెక్క. 2024లో సెప్టెంబరు 28న, 2025లో ఆగస్టు 30న జరిగాయి. అందుకని ఆ ఏడాది తేదీ ప్రకటించాకే రైలు టికెట్ తీసుకోండి. పందెం రోజున అటువైపు హౌస్‌బోటు షికారు పెట్టుకోకండి, జలమార్గాల మీద ఆంక్షలుంటాయి.

## 3. చేరుకునే దారి

విమానమైతే కొచ్చి. నెడుంబాశ్శేరి ఎయిర్‌పోర్టు నుంచి అలెప్పీ 80 కిలోమీటర్ల పైనే. కొచ్చి ఊరి ట్రాఫిక్ కలుపుకుని రెండున్నర గంటలు వేసుకోండి. మధ్యాహ్నం బోటు ఎక్కాలంటే పొద్దున మొదటి విమానం మీద భారం వేయొద్దు. ముందురాత్రే ఊళ్ళో దిగడం మేలు.

రైలులో ఒక మెలిక ఉంది. ఎర్నాకుళం దాటాక లైను రెండుగా చీలుతుంది. ఒకటి సముద్రం పక్కనుంచి అలెప్పీ మీదుగా, రెండోది కొట్టాయం మీదుగా. సికింద్రాబాద్ నుంచి వెళ్ళే శబరి ఎక్స్‌ప్రెస్ కొట్టాయం మీదుగా పోతుంది, అలెప్పీకి రాదు. విశాఖ, విజయవాడ వైపు వాళ్ళకి ధన్‌బాద్–అలప్పుళ ఎక్స్‌ప్రెస్ ఉంది, అది అలెప్పీలోనే ఆగిపోతుంది.

శబరిలో వెళ్ళేవాళ్ళు నష్టపోయినట్టేం కాదు. కొట్టాయంలో దిగి, ఆటోలో బోట్ జెట్టీకి వెళ్ళి, ప్రభుత్వ బోటెక్కి అలెప్పీ చేరొచ్చు. దీని సంగతి ఆరో భాగంలో చెబుతాను.

అలెప్పీ రైల్వే స్టేషన్ బీచ్ వైపు ఉంటుంది, బోట్ జెట్టీ ఊరికి అటు చివర. మధ్యలో నాలుగు కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆర్టీసీ బస్టాండు మాత్రం జెట్టీ పక్కనే.

## 4. నీళ్ళకి తగ్గ పడవ

హౌస్‌బోటు. అసలు పేరు కెట్టువళ్ళం. కెట్టు అంటే కట్టడం, వళ్ళం అంటే పడవ. పలకల్ని మేకులు లేకుండా కొబ్బరితాడుతో కుట్టి కట్టేవాళ్ళు, అందులో ధాన్యం మోసేవాళ్ళు. రాత్రి నీళ్ళ మీద పడుకోవాలంటే ఇదొక్కటే దారి.

శికారా. పైన కప్పు, మెత్తటి సీట్లు, చిన్న ఇంజిన్. నలుగురైదుగురికి సరిపోతుంది. గంటల లెక్కన అద్దె. రాత్రి బస ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇది చాలు. మూడు నాలుగు గంటల్లో నదీ, మధ్యరకం కాలవలూ చూసేయొచ్చు.

తెడ్డు పడవ, కయాక్. సన్న కాలవలకి ఇవే. పొద్దున 6 గంటలకి మొదలుపెడితే 9 లోపు తిరిగి రావచ్చు. ఎండ ఎక్కాక పడవ నడిపే మనిషికీ కష్టం, మనకీ కష్టం.

ప్రభుత్వ బోటు. ఊళ్ళో జనం రోజూ తిరిగేది. నీటి మీద నడిచే పల్లెవెలుగు బస్సు అనుకోండి.

స్పీడ్‌బోటు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చప్పుడు తప్ప ఏమీ గుర్తుండదు.

## 5. హౌస్‌బోటు మాట్లాడుకోవడం

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. మోసపోయి కాదు, అడగక.

ముందు సమయం లెక్క చూడండి. మధ్యాహ్నం 12 గంటలకి ఎక్కుతారు, మర్నాడు పొద్దున 9కి దిగుతారు. వినడానికి 21 గంటలు. కానీ భోజనానికి గంట ఆపుతారు. సాయంత్రం ఐదూ ఐదున్నరకి ఒడ్డున కట్టేస్తారు, ఎందుకంటే రాత్రి నీళ్ళు జాలర్ల వలలవి. పొద్దున టిఫినయ్యాక ఓ గంట తిప్పి దించేస్తారు. అంటే బోటు నిజంగా కదిలేది ఐదు గంటలు. మీరు ఒంటిగంటకి చేరితే పోయేది ఆ ఐదులో ఒక గంట.

ధర సీజన్ని బట్టి, బోటు వయసుని బట్టి, ఏసీని బట్టి మారుతుంది. మామూలు రోజుల్లో ఒక గది బోటు, భోజనాలతో, ఏడెనిమిది వేల దగ్గర మొదలవుతుందని మనసులో పెట్టుకుని బేరంలోకి దిగండి. బాగా తక్కువ చెబితే సంతోషించే ముందు ఏది తగ్గించారో కనుక్కోండి.

ఫోనులో అడగాల్సినవి, ఇదే వరసలో:

- ఏసీ ఎన్ని గంటలు? "ఏసీ బోటు" అన్నంత మాత్రాన పగలంతా ఉండదు. చాలావాటిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా, అదీ పడకగదిలో మాత్రమే.
- రాత్రి ఎక్కడ కడతారు? ఒడ్డు కరెంటా, జనరేటరా? జనరేటరైతే మీ గది దానికి ఎంత దూరం?
- ఎక్కడ ఎక్కాలి? పున్నమడ ఫినిషింగ్ పాయింటా (పడవ పందాలు ముగిసే చోటు), నెడుముడా, ఇంకెక్కడా?
- ఏ దారిన తిప్పుతారు? కైనకరి వైపు వెళ్తారా, కాయల్లోనే తిప్పి తెస్తారా?
- ఫోటోలో ఉన్న బోటేనా? దాని పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వాట్సాప్‌లో పంపగలరా?
- బోటంతా మనదేనా, గదులు విడివిడిగా ఇస్తారా?
- రద్దయితే అడ్వాన్సు సంగతేంటి?

నాలుగో ప్రశ్నకి "అంతా చూపిస్తాం సార్" అనే జవాబొస్తే అది జవాబు కాదు. ఊరి పేర్లు చెప్పించండి.

కేరళ టూరిజం హౌస్‌బోట్లకి గోల్డ్ స్టార్, సిల్వర్ స్టార్ అని వర్గీకరణ ఇస్తుంది. పర్యావరణ జాగ్రత్తలు పాటించేవాటికి గ్రీన్ పామ్ అని ఇంకోటి ఉంది. ఉంటే మంచిది. అయినా పై ప్రశ్నలు మానకండి, స్టార్ ఉన్న బోటులో కూడా జనరేటరు జనరేటరే.

ఎవరూ తెలియకపోతే, సీజన్ కాని రోజుల్లో అయితే, పొద్దున 9 కల్లా ఫినిషింగ్ పాయింట్‌కి వెళ్ళి బోట్లు కళ్ళతో చూసి మాట్లాడుకోవడం ఉత్తమం. బాత్రూం, పరుపు, కిటికీ తలుపు, ఈ మూడూ చూస్తే చాలు. దారిలో ఆటో వెంట బైకు మీద వచ్చి "బోట్, బోట్" అనే వాళ్ళకి నవ్వి ఊరుకోండి. వాళ్ళ కమిషను మీ బిల్లులోంచే వస్తుంది.

తిండి విషయం. మధ్యాహ్న భోజనంలో కరిమీన్ అనే చేప వేపుడు సాధారణంగా ఉంటుంది. అన్నం ఎర్రటి, లావుపాటి మట్ట బియ్యంతో వండితే మనవాళ్ళు రెండు ముద్దలకే ఆగిపోతారు. తెల్లన్నం కావాలంటే ముందురోజే చెప్పండి, బోటు కదిలాక వంటవాడి దగ్గర ఉన్న బియ్యమే ఉంటుంది. వంట కొబ్బరినూనెతో. పడదనుకుంటే ఆ సంగతి కూడా అప్పుడే. ఆవకాయ సీసా మీ సంచిలో ఎలాగూ ఉంటుంది కాబట్టి దాని గురించి నేను చెప్పక్కర్లేదు.

## 6. ప్రభుత్వ బోటు ఎక్కడం

రాష్ట్ర జలరవాణా శాఖ ప్రధాన కార్యాలయం అలెప్పీలోనే ఉంది. జెట్టీ నుంచి నెడుముడి, కావాలం, పుళింకున్ను, కొట్టాయం వైపు బోట్లు పోతాయి. కొట్టాయానికి రెండున్నర గంటల ప్రయాణం, టికెట్ 50 రూపాయల లోపే. నన్నడిగితే అలెప్పీలో పైసాకి పైసా విలువున్న ప్రయాణం ఇదే.

ఎలా ఎక్కాలంటే:

1. జెట్టీలో సమయాల బోర్డు చూడండి. చాలావరకు మలయాళంలో ఉంటుంది కాబట్టి కౌంటరులో అడగండి. "కొట్టాయం బోట్ ఎప్పోళ్?" అంటే సరిపోతుంది.
2. తిరుగు బోటు సమయం కూడా అప్పుడే రాసుకోండి. సాయంత్రం చివరి బోటు తప్పితే బస్సే గతి.
3. టికెట్ బోటులోనే ఇస్తారు. చిల్లర ఉంచుకోండి.
4. ముందు వరుసల్లో అంచు సీటు పట్టండి. వెనక ఇంజిన్ మోత, పొగ.
5. పొద్దున, సాయంత్రం స్కూలు పిల్లలు, ఆఫీసు వాళ్ళు ఎక్కే వేళల్లో పెద్ద సూట్‌కేసులతో ఎక్కకండి. పదకొండింటి బోటు మనకి.

ఎక్కాక ముందుభాగంలో కూర్చున్న మనిషిని గమనించండి. ఆయన్ని స్రాంకు అంటారు, చుక్కాని ఆయన చేతిలో. ఇంజిన్ ఆయన చేతిలో ఉండదు, అది వెనక డ్రైవరు దగ్గర. రేవు దగ్గరపడగానే స్రాంకు తాడు లాగుతాడు, వెనక గంట మోగుతుంది, ఇంజిన్ నెమ్మదిస్తుంది. లస్కరు (బోటులో సహాయకుడు) తాడు పట్టుకుని ఒడ్డుకి దూకుతాడు. ఒకామె కూరగాయల సంచితో దిగుతుంది, ఇద్దరు పిల్లలు ఎక్కుతారు, మళ్ళీ గంట. నిమిషం కూడా పట్టదు.

ఇంకోటి చూడాలి. గట్టు కాస్త పల్చబడ్డ చోట లేచి నిలబడి అవతలికి తొంగిచూడండి. బోటు కింద నీళ్ళు ఇక్కడుంటే వరిచేను దానికంటే లోతులో, గిన్నె అడుగున పోసినట్టు ఉంటుంది. సముద్రమట్టం కంటే కింద అని ఎన్నిసార్లు చదివినా ఆ ఒక్క చూపుతో అర్థమవుతుంది.

గుర్రపుడెక్క కమ్మేసినప్పుడో, కాలవ మీద పనులు జరిగేటప్పుడో బోటు కొట్టాయం దాకా వెళ్ళకుండా ముందే ఆగిపోతుంటుంది. శబరి దిగి బోటెక్కాలనుకునే వాళ్ళు ముందురోజే జెట్టీకి ఫోను చేసి కనుక్కోండి.

## 7. భద్రత: మొహమాటం వద్దు

2023 మే 7న మలప్పురం జిల్లా తానూరులో పర్యాటక పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. పరిమితికి మించి జనం, చీకటి పడ్డాక ప్రయాణం. అలెప్పీలో ఏ పడవ ఎక్కినా ఈ రెండూ చూసుకోండి.

- పడవ మీద ఎంతమందికి అనుమతో రాసి ఉండాలి. లెక్కపెట్టండి. ఎక్కువైతే దిగిపోండి, డబ్బు గురించి ఒడ్డు మీద మాట్లాడుకోవచ్చు.
- లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూపించమనండి. పిల్లల సైజు వేరే ఉందా అని అడగండి. శికారా, తెడ్డు పడవల్లో వేసుకునే కూర్చోండి.
- చిన్నపిల్లలున్నవాళ్ళు హౌస్‌బోటు ముందుభాగంలో కటకటాలు ఎంత ఎత్తున్నాయో ఫోటో అడగండి.
- బోటు కట్టేశాక "నీళ్ళలో దిగొచ్చా" అని అడక్కండి. అడుగున బురద, పైన బోట్ల రాకపోకలు.
- బీచ్‌లో కూడా మోకాళ్ళ లోతు దాటకండి.

దోమలు సాయంత్రం 6 నుంచి 8 దాకా దండెత్తుతాయి. క్రీము పెట్టెలో కాదు, జేబులో ఉండాలి.

## 8. ఎక్కువగా జరిగే పొరపాట్లు

రెండు రాత్రులు హౌస్‌బోటులో. రెండోరోజు మళ్ళీ అవే నీళ్ళు. ఒక రాత్రి బోటు, ఇంకో రాత్రి కాలవ ఒడ్డున హోంస్టే పెట్టుకోండి.

సూర్యాస్తమయం బోటు మీంచి. సరస్సు ఊరికి తూర్పున, సముద్రం పడమరన ఉంది. అస్తమయానికి బీచ్, ఉదయానికి బోటు. హౌస్‌బోటులో ఉన్నవాళ్ళు 6 గంటలకి అలారం పెట్టుకుని ముందు డెక్కు మీదికి రండి. అప్పుడు జనరేటర్లు ఆగి ఉంటాయి.

బోటు మారిపోయింది. చెప్పిన బోటు రిపేరంటూ ఇంకోటి చూపిస్తే, ఎక్కకముందే తేల్చుకోండి. వాట్సాప్‌లో పంపిన పేరూ నంబరూ ఇప్పుడు పనికొస్తాయి. మిగతా డబ్బు ఇంకా మీ దగ్గరే ఉండాలి. అందుకే అడ్వాన్సు కొంచెమే ఇవ్వమనేది.

సామానంతా బోటులోకి. దిగేటప్పుడు ఒక బోటులోంచి పక్క బోటులోకి, అక్కడినుంచి ఇంకోదానిలోకి దాటుకుంటూ ఒడ్డు చేరాల్సి రావచ్చు. ఒక రాత్రికి సరిపడా చిన్న సంచి చాలు.

శబరిమల యాత్రతో కలపడం. చాలామంది స్వాములు తిరుగు ప్రయాణంలో చెంగన్నూరు నుంచి ఇటు వస్తారు. బాగానే కుదురుతుంది, కానీ మండల, మకరవిళక్కు రోజుల్లో రైలు టికెట్లు దొరకవు, బోటులో శాకాహారం వేరుగా వండమని ముందే గట్టిగా చెప్పాలి.

## 9. రెండు రోజుల వరస

మొదటిరోజు పొద్దున తెడ్డు పడవలో సన్న కాలవలు. వచ్చి టిఫిను, స్నానం. పదకొండున్నరకి హౌస్‌బోటు రేవులో ఉండండి. రాత్రి బోటులో.

రెండోరోజు 9కి దిగి, సామాను హోంస్టేలో పడేసి, పదకొండింటి ప్రాంతంలో ప్రభుత్వ బోటు ఎక్కండి. కొట్టాయం దాకా వద్దనుకుంటే నెడుముడిలో దిగి బస్సులో వెనక్కి రావచ్చు. సాయంత్రం బీచ్, లైట్‌హౌస్ (1862 నాటిది). ఇంకో పూట మిగిలితే దక్షిణంగా అంబలప్పుళ గుడికి వెళ్ళి పాల్పాయసం కోసం వరసలో నిలబడండి. అయిపోయాక వెళ్తే లేదంటారు, పొద్దున్నే వెళ్ళండి.

బయల్దేరే ముందురోజు రాత్రి సంచిలో ఉందో లేదో చూసుకోవాల్సినవి:

- బోటు పేరు, నంబరు, ఎక్కే చోటు, కాగితం మీద
- అందరి ఆధార్ కార్డులు
- చిన్న నోట్లు
- దోమల క్రీము, టోపీ, టార్చి
- నీళ్ళలో పడినా పాడవకుండా ఫోనుకి ప్లాస్టిక్ కవరు
- తడిస్తే జారని చెప్పులు
- ఆవకాయ సీసా మూత గట్టిగా బిగించారా?